కాక బాగుచేయనివ్వని పేజీ

మా కాక పోయాడన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. ఆదిలాబాద్ నుంచి ఇచ్చోడ మీదుగా బోథ్ వచ్చే బస్సు మా బడి ముందు ఆగింది. "టీచరమ్మా, జర ధైర్నం తెచ్చుకో. మీ కాక తెల్లారంగ పోయిండట" అన్నాడు. పిల్లల చేత పదమూడో ఎక్కం చెప్పిస్తున్నాను. అది సగంలోనే ఆగిపోయింది.

కాక అంటే మా బాపు తమ్ముడు. ఐదేళ్లప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. నిజాం కాలంలోనే హైదరాబాదులో అంధుల బడిలో ఉండి, వేళ్లతో ముట్టి చదివే చుక్కల అక్షరాలు నేర్చుకొని వచ్చాడు. నవారు మంచాలు అల్లి బతికాడు. శనివారం వస్తే మాత్రం చుట్టుపక్కల బళ్లకు పోయి, గుడ్డితనం అంటే ఏమిటో కళ్లున్న పిల్లలకు పాఠం చెప్పేవాడు. పిలిచినా పోయేవాడు, పిలవకపోయినా పోయేవాడు.

చెయ్యి పట్టి లాగితే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. "గుంజకు బిడ్డా, నేనేమన్న ఎడ్లబండినా? నీ మోచెయ్యి ఇయ్యి, నేనే పట్టుకుంట" అనేవాడు. మా ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే. చలికాలం పొద్దున చాయ గ్లాసు రెండు చేతులతో పట్టుకొని, వేళ్లు వెచ్చబడేదాకా పుస్తకం ముట్టేవాడు కాదు. "ఆగుండ్రి, నా కండ్లింక నిద్ర లేవలే" అని నవ్వేవాడు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తున్నది.

మా చెల్లెకూ అదే అమ్మవారు, అదే వయసులో. హైదరాబాదు స్టేటు ఉన్నప్పటి మాట ఇది. కాక దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని చుక్కలు నేర్పాడు. అది ఏడేళ్లదయ్యాక తాను చదివిన బడికే పంపమని బాపును అడిగాడు. బాపు జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు నొక్కే ప్రెస్సు మీద పనిచేసేవాడు. మాట కరుకు, మనసు పిరికి.

"నువ్వు సదివి ఏం చేసినవ్‌రా? మంచాలల్లుతున్నవ్. కండ్లు లేని పిల్లను గంత దూరం ఎట్ల తోలుత?" అన్నాడు.

"దసరనాడు నీ ముంగట సదువుతదన్నా. సదివితే తోలు. సదువకుంటే మల్ల నిన్నడుగ" అన్నాడు కాక.

ఆ వానకాలమంతా కూర్చొని చెల్లె కోసం ఎనిమిది పేజీల పుస్తకం చేశాడు. దళసరి కాగితం, ఇత్తడి చట్రం, మొన అరగదీసిన దబ్బనం, ఇంతే సామాను. కాగితాన్ని వెనక నుంచి పొడిస్తే ముందు వైపు చుక్క ఉబ్బుతుంది. ఆ ఉబ్బే అక్షరం.

వానల తేమకు ఆ పుస్తకం అంచులు వంకరపోయాయి. నాకప్పుడు పదేళ్లు. ఊరికే ఉండే చేతులా ఇవి! బాపు ముందు పుస్తకం చక్కగా కనపడాలి కదా అనుకున్నాను. మా మిల్లు వాడలో మంచి సరుకంటే ప్రెస్సులో గట్టిగా నొక్కిన సరుకే. ఎవరికీ చెప్పకుండా పుస్తకాన్ని విసుర్రాయి కింద పెట్టాను. మూడు రోజుల తర్వాత తీస్తే అప్పడంలా సాపుగా వచ్చింది. మురిసిపోయి చెల్లె చేతికిచ్చాను.

దాని వేళ్లు పేజీ మీద పోయాయి, వచ్చాయి, మళ్లీ పోయాయి.

"అక్కా, గీడ ఏం రాసిలేదు."

"ఏందే, గిన్ని చుక్కలు కనవడుతుంటే!"

"నాకు లెవ్వక్కా" అని అది బావురుమంది. దసరా ఇంకా నాలుగు రోజులే ఉంది.

పుస్తకం పట్టుకొని కాక దగ్గరికి ఉరికాను. ఆయన ఎనిమిది పేజీలూ తడిమాడు. వానకాలమంతా చేసిన పని. మొదటి నుంచి మళ్లీ తడిమాడు. తిట్టినా బాగుండేది.

"మంచిగుంటదని పెట్టిన కాకా."

"మంచిగనే ఉన్నది బిడ్డా, కండ్లకు" అన్నాడు. "నా ఏళ్లకైతే దొరుకుతలెవ్వు. నీకు కనవడుతున్నయా?" అని అడిగాడు.

"అన్ని కనవడుతున్నయి."

"మరి ఏడుసుడెందుకే? పట్టు దబ్బనం."

కాగితం వెనక సన్నని గుంటలు మిగిలే ఉన్నాయి. నేను ఒక్కొక్క గుంటనూ చూసి పొడవడం, ఆయన తడిమి "గిది పక్కకు పోయింది, మల్ల" అనడం. వేళ్లకు బొబ్బలెక్కాయి. పొడుస్తూ పొడుస్తూనే నాకు అక్షరాలు వచ్చాయి. నాలుగు రోజుల్లో ఏడు పేజీలు లేచాయి. ఎనిమిదోది మిగిలిపోయింది.

దసరా సాయంత్రం బాపు జమ్మి తెచ్చి అందరికీ పంచి కూర్చున్నాడు. చెల్లె మొదటి పేజీ చదివింది, రెండోదీ చదివింది. బాపు మొహంలో నమ్మకం లేదు. "కాక చెప్తే నోటికి పట్టింది. గిది సదువుడు గాదు" అని పుస్తకం లాక్కొని చివరి పేజీ తిప్పాడు. "గిది సదువు."

అది మేమింకా లేపని పేజీ. చెల్లె పైనుంచి కిందిదాకా తడిమి, నెమ్మదిగా తలెత్తింది.

"గీడ ఏం లేదు బాపు."

"గిన్ని చుక్కలుంటే ఏం లేదంటవేందే?"

"అన్నా, నీ బొటనేలు పెట్టి సూడు" అన్నాడు కాక.

పత్తిని వేళ్ల మధ్య నలిపి మంచిచెడ్డ చెప్పే మనిషి మా బాపు. చివరి పేజీ తడిమాడు. మొదటి పేజీ తడిమాడు. మళ్లీ చివరిది. "నోటికొచ్చిందైతే గిది గూడ అప్పజెప్తుండె గద..." అని తనలో తాను గొణుక్కున్నాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను మొదటిసారి చూశాను. కార్తీకంలో తానే చెల్లెను హైదరాబాదు బడికి తీసుకుపోయాడు. అక్కడికి నేను దానికి చుక్కలతోనే ఉత్తరాలు రాసేదాన్ని.

ఆ ఎనిమిదో పేజీ కూడా బాగుచేస్తానంటే కాక ఇవ్వలేదు. "గది గట్లనే ఉండనీ, నాకు పనున్నది" అన్నాడు. ఆ తర్వాత ప్రతి బడిలోనూ ఆయన పాఠం ఆ పేజీతోనే మొదలు.

"ఏం కనవడుతున్నది?"

"చుక్కలు!"

"కండ్లు మూసుకొని ముట్టుండ్రి."

"ఏం లెవ్వు!"

అప్పుడు చుక్కలు లేచిన కాగితం వాళ్ల వేళ్ల కింద పెట్టేవాడు. తరగతి మొత్తం కిసుక్కున నవ్వేది, గుసగుసలు పోయేది. "సూసిండ్రా? మా ఏళ్లకు సదువొస్తది. మీరు మీద రాయి పెట్టకుండ్రి, సాలు" అనేవాడు. రాయి ఎవరు పెట్టారని పిల్లలు అడక్కుండా ఉంటారా? "ఒక పిల్ల. పానమసొంటి పిల్ల" అనేవాడు తప్ప పేరు చెప్పలేదు. నా తరగతిలో చెప్పినప్పుడు నేను బోర్డు వైపు తిరిగి, తుడిచిందే తుడిచాను.

పదోరోజుకు చెల్లె వచ్చింది. ఇప్పుడు తాను చదివిన హైదరాబాదు బడిలోనే పంతులమ్మ. కాక పెట్టెలోంచి ఆయన భార్య, మా చిన్నమ్మ, ఆ పేజీ తీసిచ్చింది. చెల్లె చాయ గ్లాసు పట్టుకొని వేళ్లు వెచ్చబెట్టుకుంది. తర్వాత కాగితం ముట్టింది.

"గిదే గదా అక్కా? గిండ్ల ఏం రాసిండు?"

నాకు తెలియదు. సిగ్గుతో ఇన్నేళ్లలో ఆ పేజీని నేనెన్నడూ చదవలేదు. కిటికీ దగ్గరికి జరిగి వెలుతురుకు ఏటవాలుగా పెట్టాను. చుక్కలు బాగా మాసిపోయాయి. కూడబలుక్కొని చదివాను.

"చెల్లె బడికి పోయింది. అక్క చుక్కలతో ఉత్తరం రాసింది. చెల్లె చదివింది."

అది రాసిన వానకాలంలో బాపు ఇంకా ఒప్పుకోలేదు. నాకు అప్పటికి ఒక్క చుక్కా రాదు.

చెల్లె కాగితం మొదట్లో వేలు పెట్టింది.

"ఇంకోపాలి సదువక్కా. జర మెల్లగ."

నేను చదువుతుంటే దాని వేలు నా మాట వెంట, ఆ సాపు కాగితం మీద, వరుస వరుసా కదిలింది.