తెర వెనక మోగినది

మోటార్లకు తీగ చుట్టే ఆ మనిషికి కోపమంతా చేతుల్లో, ఓర్పంతా చెవుల్లో ఉండేది. పనికి వచ్చినవాళ్లతో రెండో మాటకే తగువు పెట్టుకునేవాడు. అదే మనిషి పాత రికార్డు మీది దుమ్మును మెత్తటి కుంచెతో తుడుస్తూ పూటంతా కూర్చునేవాడు. ముల్లు ఎంత బరువుతో ఆనాలో, లోపలి చుట్లకు వచ్చేసరికి పాటలో 'స' అక్షరం ఎందుకు చిరిగినట్టు పలుకుతుందో ఎవరూ చెప్పకుండానే విని విని తెలుసుకున్నాడు.

మోటార్ల షాపులో ఒక గోడ పొడవునా అతని రికార్డులు. ఎదుటి గోడకు భార్య తమ్ముడు సీడీలు పెట్టుకుని అమ్మేవాడు. సీడీలో పాట కడిగి పడుకోబెట్టిన శవంలా ఉంటుందని బావ అనేవాడు. రికార్డులో పాటకంటే పోపు చిటపటలే ఎక్కువని బావమరిది అనేవాడు. ఎకసెక్కాలు ముదిరి పందెం దాకా వచ్చాయి. తెర వెనక అక్క ఒక పాట పెడుతుంది. అది రికార్డో సీడీయో బావ చెప్పాలి. ఓడినవాడు షాపులోంచి సామాను ఎత్తేయాలి.

బావ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. 'స' చిరిగిన చోట నవ్వాడు.

"రికార్డు. అదీ నాదే."

అక్క తెర తీసింది. రికార్డు కదలకుండా ఉంది. మోగింది సీడీ.

"నీ రికార్డునే సీడీలోకి ఎక్కించాను బావా, చిరుగులతో సహా" అన్నాడు బావమరిది. "ఇన్నేళ్లూ నువ్వు విన్నది పాట కాదు, గీతలు."

మాట పూర్తికాకముందే బావ పిడికిలి వాడి మూతి మీద పడింది. వాడు వెళ్లి అలమరకు గుద్దుకున్నాడు. రికార్డులు జలజలా రాలాయి. వాడు చేతికందినదాన్ని మోకాలికి ఆనించి విరిచాడు. బావ వాడి గొంతు పట్టుకుని గోడకేసి అదిమాడు. ఊపిరాడక వాడు పక్కనున్న ఇనుప పళ్లెం లాగి, బావ చెవి మీద బలంగా కొట్టాడు. మెడ మీదికి నెత్తురు కారుతున్నా బావ వదల్లేదు. వాడి మణికట్టు వెనక్కి తిప్పాడు. ఎముక పటుక్కుమంది.

అక్క బకెట్టెత్తి ఇద్దరి మీదా నీళ్లు కుమ్మరించింది.

"చచ్చేవాడు నాకు మొగుడైనా అవుతాడు, తమ్ముడైనా అవుతాడు. ఇక ఆపండి."

బావకు కర్ణభేరి చిరిగిందన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. మెట్ల మీద జారాడని ఆమె చెప్పబోయింది. జారలేదని, ముందు కొట్టింది తనేనని అతనే చెప్పాడు.

పక్క బల్ల మీద చేతికి పిండికట్టు వేయించుకుంటున్న బావమరిది మెత్తబడ్డాడు. "మోగింది నీ రికార్డు పాటే కదా బావా. నువ్వు చెప్పింది సగం నిజమేలే."

ఆ సగం తీసుకుంటే షాపులో చోటు మిగిలేది.

"తేడా తెలియలేదురా" అన్నాడతను. "అందుకే కొట్టాను."

మర్నాడు చెవికి కట్టుతోనే రికార్డులు పెట్టెల్లోకి సర్దడం మొదలుపెట్టాడు. బావమరిది ఒంటిచేత్తో సాయం రాబోతే, తాకావంటే ఆ రెండోది కూడా విరిచేస్తానన్నాడు.