నా హస్తవాసి

హిందూపురంలో మా చిన్న ఆఫీసు బస్సు సీట్లు బుక్ చేసే సాఫ్ట్‌వేర్ రాసేది. కొత్త వెర్షన్ ఏది ఇవ్వాలన్నా, ముందు నేను షెల్ స్క్రిప్టుల్లో, అంటే పొట్టి కమాండ్ల వరసల్లో, రాసిన పరీక్షలన్నీ పాసవ్వాలి. అవి మిగతావాళ్ళు నడిపితే ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్. నేను నడిపితే ఎప్పుడూ పాసే. "సార్ హస్తవాసి మంచిది" అనేవాళ్ళు. నేను కాదనేవాణ్ణి కాదు. డాక్టర్లకు ఉన్నప్పుడు నాకెందుకు ఉండకూడదు?

ధర్మవరంలో, పుట్టింట్లో, నా భార్యకు ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి రైలెక్కితే పెనుకొండ దగ్గర సెల్ మోగింది. "మళ్ళీ ఫెయిలయినాయి సార్, మీరే రావల్ల." అక్కడే దిగి వెనక్కొచ్చాను. టీ తెప్పించుకొని, తాగుతూ నడిపాను. పాస్! అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా పొంగిపోయాను. సాయంత్రం నా భార్య ఫోన్లో, "ఆ కంప్యూటర్నే తొట్లో ఏసి ఊపుకోపో!" అని పెట్టేసింది. అప్పుడు నాకు గాలి దిగింది.

ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి రెండు రోజులు నా వెనకే కుర్చీ వేసుకొని కూర్చుంది. మూడో రోజు తేల్చేసింది.

"మీ చేతిలో ఏం లేదు సార్. అంతా టీలో ఉండాది."

నేను ప్రోగ్రాం మొదలుపెట్టి, రెండు గుక్కలు టీ తాగి, అప్పుడు పరీక్షలు నడిపేవాణ్ణట. ఆలోపు ప్రోగ్రాం తీరిగ్గా లేచేది. మిగతావాళ్ళు ఆగకుండా నడిపేసేవాళ్ళు. అది లేవకముందే సీటు అడిగితే ఏమిస్తుంది?

నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం పరీక్షలన్నీ జావా భాషలో తిరగరాసింది. నా ఇరవై లైన్లు రెండొందలయ్యాయని వెక్కిరించాను. "ఏది ఎందుకుండాదో ఎవరు సదివినా తెలుస్తాది సార్" అంది. ఆ జావా పరీక్ష మొదట 'లేచావా?' అని ప్రోగ్రామును అడుగుతుంది. లేచిందాకా ఆగుతుంది.

పిల్లకు పేరు పెట్టే రోజు మళ్ళీ రైలెక్కాను. కొత్త వెర్షన్ ఇవ్వాల్సిందీ ఆరోజే. పెనుకొండ వచ్చింది, ఫోను మోగలేదు. ఉండబట్టలేక నేనే చేశాను.

"ఎప్పుడో పాసయినాయి సార్. ఈసారి మన వాచ్‌మన్‌తో నొక్కించినాం."

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ధర్మవరంలో కాళ్ళు కడుక్కొని నేరుగా తొట్టి దగ్గరికెళ్ళి పిల్లను ఎత్తుకున్నాను. ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. నా భార్య వాళ్ళవ్వ పిల్లను లాక్కొని, "ఏమప్పా, లేసిందాకా ఆగలేవా?" అని గదమాయించింది.

పిల్ల మళ్ళీ నిద్రపోయింది. టీ ఇచ్చారు. తొట్టి పక్కనే కూర్చొని గ్లాసంతా తాగాను. ఇంకా లేవలేదు. కూర్చునే ఉన్నాను. చాలాసేపటికి కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఏడవలేదు. అప్పుడు ఎత్తుకున్నాను.