మార్తమ్మ గారి నాలుగు లైన్లు

జిరాక్సు తీయించుకున్న కాగితాలు చేతికి వెచ్చగా తగిలితే నాకు ఇప్పటికీ మార్తమ్మ గారే గుర్తొస్తారు. ఈ ఉదయం నందిగామ బజారులోనూ అంతే. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ ముందు ఆఫీసు మీటింగులో కూర్చున్నాను. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ళకు ఉదాహరణలతో పాఠాలు రాయడం మా పని. ఆ ఉదాహరణలన్నీ ఏ పద్ధతిలో ఉండాలో తేల్చుకోవడానికే మీటింగు. పొరపాటు జరిగితే ఏం చేయాలో చెప్పే లైన్లు చదవడానికి అడ్డం, తీసేద్దాం అన్నాడొక సహోద్యోగి. నేను పక్కన పెట్టుకున్న జిరాక్సు కాగితం వైపు చూశాను.

మార్తమ్మ గారు జగ్గయ్యపేటలో చిన్న కంప్యూటర్ సెంటరు నడిపేవారు. నా మొదటి ఉద్యోగం అక్కడే. పాఠాల కాగితాలు ఇద్దరం రాసేవాళ్ళం, అన్నిటి అడుగునా ఆవిడ పేరే ఉండేది. నేనేది రాసినా ఆవిడ విద్యార్థిలా కూర్చుని, కాగితం మీద ఉన్నదే అక్షరం పొల్లుపోకుండా టైపు చేసేవారు. స్క్రీను మీద ప్రోగ్రాం వయసు అడిగితే అంకె వేయకుండా అక్షరాల్లో కొట్టేవారు. ప్రోగ్రాం ఆగిపోయేది. అలా ఎవరు కొడతారండీ అని నేను విసుక్కునేదాన్ని.

"మన పిల్లలు ఉదాహరణ చదవరమ్మాయ్, దించుకుంటారు. రేపు ఉద్యోగంలోనూ అదే దించుతారు," అన్నారు ఒకసారి. "ఉదాహరణలో పేర్లు నీ ఇష్టం, లైన్ల మధ్య ఖాళీలు నీ ఇష్టం. తప్పు జరిగే చోట మాత్రం నా మాట విను."

సరేనన్నాను. చాదస్తమని లోపల నవ్వుకున్నాను కూడా.

ఆవిడకు జబ్బు చేసి విజయవాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఫైలులో వివరాలు దాచే పాఠం నేనొక్కదాన్నే అచ్చు వేయించాను. నాలుగు లైన్లు రెండో పేజీలోకి జారాయి. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే ఆగి అడగమని చెప్పే లైన్లవి; అవి లేకపోతే పాతది చెరిగిపోయి దాని మీదే కొత్తది పడుతుంది. ఒక్క పేజీలో ముచ్చటగా ఉంటుందని తీసేశాను. పాపం, ఎంత చిన్న ముచ్చట!

ఆ పాఠం నేర్చుకున్న సునీతది వత్సవాయి. తర్వాత ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో చేరింది. మార్కులు ఎక్కించడానికి మా ఉదాహరణనే ఉన్నదున్నట్టు వాడింది. కొత్త మార్కులు ఎక్కాయి, ఏడాది పొడుగునా ఉన్న పాతవన్నీ చెరిగిపోయాయి. ఉద్యోగం పోయింది. ఆ కాగితం పట్టుకుని సెంటరుకొచ్చింది.

"ఇందులో ఎట్టా ఉందో అట్టానే చేశా మేడమ్," అంది.

మార్తమ్మ గారు అప్పటికి తిరిగొచ్చారు, తలకు స్కార్ఫ్ కట్టుకుని, సగమై. కాగితం చూశారు. నా వైపు చూడలేదు. "తప్పు నాదమ్మా, కింద నా పేరే ఉందిగా," అని సునీతను వెంటబెట్టుకుని ఆటోలో ఆ స్కూలుకు వెళ్ళి అదే మాట చెప్పారు. వాళ్ళు సునీతను మళ్ళీ తీసుకోలేదు.

ఆవిడ తిరిగొచ్చాక, వెళ్ళి నిజం చెప్పేస్తానన్నాను.

"చెప్తే ఆ పిల్లకి ఉద్యోగం వస్తదా? ముందు ఆ లైన్లు పెట్టు."

ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. అదే నా సిగ్గు. మిగిలిన కాగితాల మీద ఇద్దరం పెన్నుతో ఆ లైన్లు రాస్తూ కూర్చున్నాం. ఆవిడ అక్షరాలు వంకర పోతున్నాయి. రెండు నెలలకు పోయారు. సమాధి దగ్గర సునీత నా పక్కనే నిలబడి ఏడ్చింది. అప్పుడూ చెప్పలేకపోయాను.

మీటింగులో చివరికి నోరు విప్పాను. ఆ లైన్లు ఉండి తీరాలన్నాను. ఎందుకంత పట్టుదల అని అడిగితే, చూసి రాసేవాళ్ళు ఉంటారు అని మాత్రం అన్నాను. ఒప్పుకున్నారు.

ఆ రోజు పెన్నుతో దిద్దిన కాగితాల్లో ఒకటి నా దగ్గరుంది. వంకర అక్షరాల్లో నాలుగు లైన్లు, అడుగున ఆవిడ పేరు. ఆ పేరు కొట్టేసి నా పేరు రాసి సునీతకు ఇవ్వాలని ఎన్నోసార్లు పెన్ను తీశాను. అసలు కాగితం మీద గీత పెట్టలేక, ఈ ఉదయం నేను జిరాక్సు తీయించింది దాన్నే. ఆ జిరాక్సు కూడా ఇంకా ఆవిడ పేరుతోనే ఉంది.