సిలికాన్ ఆరేదాకా

మా పెద్దమామ, అంటే అమ్మకు సొంత అన్న, దవాఖానలో ఉన్న వారంలోనే నాన్న స్నానాల గదిలో నీళ్ళు ఇవతలికి రాకుండా అడ్డంగా అద్దాలు పెట్టించాడు. నేరేడ్‌మెట్‌లో ఆ ఫ్లాట్ కొన్ననాటి నుంచీ స్నానం నీళ్ళన్నీ వాషింగ్ మెషిన్ కిందికి పోతున్నాయని గొణుగుతూనే ఉన్నాడు. మిస్త్రీ తీరా ఇప్పుడు దొరికాడు.

"అన్న గట్లుంటే గిప్పుడా ఈ పని?" అంది అమ్మ. రెండు రాత్రులు మామ మంచం పక్కనే కూర్చుని, కాస్త పడుకోమని అందరూ పోరితే ఆ పొద్దున ఇంటికొచ్చింది. పడుకోలేదు, తినలేదు.

"ఇయ్యాల కాకుంటే మిస్త్రీ మళ్ళ నెల దాక దొరకడు," అన్నాడు నాన్న. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది ఈయన వరస అని నాకు ఒళ్ళు మండింది.

గోడకు డ్రిల్లు పెట్టగానే ఇల్లంతా అదిరింది. మూడో రంధ్రం దగ్గర టైలు మీద వెంట్రుకంత గీత పడింది. అల్యూమినియం పట్టీ కింద దాక్కుంటుంది, కనపడదన్నాడు మిస్త్రీ. అమ్మ మాత్రం ఆ గీతనే చూస్తూ నిలబడింది. మిస్త్రీ పట్టీ బిగించి, అందులోకి అద్దాలు దించాడు. అద్దానికీ గోడకూ మధ్య సందుల్లో సిలికాన్ జిగురు కొట్టి, సబ్బునీళ్ళలో ముంచిన వేలితో సాపు చేశాడు. ఘాటైన పుల్లటి వాసన ఇంట్లో అన్ని గదులకూ పాకింది. అచ్చం దవాఖాన వాసనే అంది అమ్మ. కిటికీలన్నీ తెరిచాను, అయినా పోలేదు.

మిస్త్రీ సామాను సర్దుకుంటూ, "ఇరవై నాలుగ్గంటలు ఒక్క సుక్క నీళ్ళు తగలొద్దమ్మా. తగిలితె పట్టు ఉండదు," అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "ఇంట్ల ఏం కార్యం లేదు కదా?" అని అడిగాడు. పాపం, పండగో పబ్బమో అనుకుని అడిగి ఉంటాడు. అమ్మ ముఖం పాలిపోయింది.

ఇరవై నాలుగు గంటలు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమని ఆ పొద్దున్నే డాక్టరు కూడా అన్నాడు. అమ్మ ఆ రెండు మాటలనూ కలిపి ముడేసింది. చావు ముట్టినవాళ్ళు తలస్నానం చేయనిదే మా ఇంట్లో గ్లాసు కూడా ముట్టరు. ఉన్నది ఒక్కటే స్నానాల గది. అది రేపటిదాకా పొడిగా ఉందంటే ఇంట్లోకి చెడ్డ కబురు రానట్టే. పైకి ఇలా అనలేదు గానీ, ఆ గది గుమ్మానికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ వేసి, "రేపటి దాక ఎవ్వరు పోవద్దు," అంది. నేను నవ్వలేదు. నాకూ లోపల అదే మొక్కు మొదలైంది.

నాన్న దవాఖానకు వెళ్ళాడు. మధ్యాహ్నమంతా అమ్మ లేచి వెళ్ళి ఆ కుర్చీ ఉందో లేదో చూసి రావడం, మళ్ళీ ఫోను పక్కన కూర్చోవడం. ఫోను మోగలేదు. మోగకపోవడం మంచిదేనని నేను చెబుతూనే ఉన్నాను. సందెవేళకు గోడకానుకుని ఆమెకు కునుకు పట్టింది. నేను ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదికెళ్ళాను.

దిగొచ్చేసరికి నాన్న వంటింట్లో ఉన్నాడు. ఉతికిన లుంగీ, బనీను. కంచంలో అన్నం వడ్డిస్తున్నాడు. అంతవరకు ఆ మనిషి గరిటె పట్టగా నేను చూడలేదు.

అమ్మ లేచి వచ్చి, "అన్న ఎట్లున్నడు?" అంది.

"బాగనే ఉన్నడు. జెర పాలు తాగిండు." నాన్న కంచం ఆమె ముందు పెట్టాడు. "నువ్వు ముందు తిను. తిన్నంక ఇద్దరం పోదాం."

అమ్మ తింది. ఒక్కొక్క ముద్దనూ నాన్న కళ్ళతో లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు. సగం అన్నం ఉండగానే ఆమె లేచి, అలవాటు ప్రకారం కుర్చీ చూడటానికి నడిచింది. "కూసో, ముందు తిను," అన్నాడు నాన్న, కాస్త గట్టిగా. అమ్మ ఆగలేదు. నేనూ వెనకే వెళ్ళాను.

కుర్చీ దాని చోటే ఉంది. అమ్మ ఎడమచేత్తో లైటు వేసింది. మగ్గు తడిగా ఉంది. నాన్న అద్దాల బయట, వాషింగ్ మెషిన్ పక్కన ఒదిగి కూర్చుని తలకు పోసుకున్నట్టున్నాడు. అయినా తూము లోపలుంది కదా, నీళ్ళు అద్దం కింది నుంచే పోయాయి. తెల్లని సిలికాన్ అక్కడక్కడా లేచిపోయి టైలు మీదికి సాగింది. అబద్ధమైతే ఆడగలిగాడు గానీ, శవాన్ని ముట్టిన చేత్తో ఆమెకు అన్నం వడ్డించలేకపోయాడు.

అమ్మ చాలాసేపు ఆ నీళ్ళనే చూసింది. ఏడవలేదు. వెనక్కి తిరిగితే నాన్న తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"చెప్తే ముద్ద ముట్టవని..." అన్నాడు.

అమ్మ ఎంగిలి చెయ్యి అలాగే ఉండగా, ఎడమచేత్తో కుర్చీని పక్కకు జరిపింది. "రెండు బకెట్లు నింపి పెట్టు బిడ్డా," అంది నాతో. "బోయిన్‌పల్లిల అన్నోళ్ళింటికి పోయొచ్చినంక నేను సుత చెయ్యాలె."

వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చాను. తర్వాత కొళాయి తిప్పాను. నీళ్ళు బకెట్టు అంచు దాటి అద్దం కింది సిలికాన్ మీదికి పారుతున్నా కట్టలేదు.