వకీలు కావడానికి కాంపోజిట్ లెక్కలు

1969 జూన్ 16, సోమవారం, ఉదయం పదీ ఇరవైకి నా అయోమయం మొదలైంది. గంట ఇంత కచ్చితంగా ఎలా తెలుసునంటే, మా మార్కాపురం హైస్కూలు తొమ్మిదో తరగతి గదిలో నా బెంచీకి ఎదురుగానే గడియారం ఉండేది. అది నాలుగు నిమిషాలు ముందు నడిచేదని నాకు తెలుసు కనుక ఆ నాలుగూ తీసేసి చెబుతున్నాను. ఆ రోజుల్లో ఏం చదవాలో చెప్పేవాళ్లు తక్కువ, చెప్పినవాళ్లను ఎదురు అడిగేవాళ్లు ఇంకా తక్కువ. ఇప్పుడు మా వీధిలో పదో తరగతి పాసైన పిల్ల లా చదవాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలని ఫోన్లో వంద మంది చేత చెప్పించుకుని, ఆఖరికి నా దగ్గరికొచ్చి "అవ్వా, ఇంతకీ ఏది తీసుకోవాలంటావు?" అని అడిగింది. చెప్పేవాళ్లు లేకపోయినా వందమంది ఉన్నా మిగిలేది అదే తికమక అని అప్పుడు తెలిసింది. దానికి నేను చెప్పిన జవాబు ఇదే, కాస్త పొడుగైనా.

ఆ సోమవారం మా హెడ్మాస్టరు (దగ్గరి చూపుకొకటి, దూరపు చూపుకొకటి పెట్టుకునేవారు కనుక పిల్లలు ఆయన్ని రెండద్దాల సారు అనేవాళ్లు) తరగతిలోకి వచ్చి, ఇక నుంచి లెక్కలు రెండు రకాలన్నారు. కాంపోజిట్ లెక్కలంటే బీజగణితం, రేఖాగణితం నిండుగా ఉండేవి. జనరల్ లెక్కలంటే మామూలువి, వాటితో పాటు చరిత్ర ఎక్కువగా చదవాలి. శనివారం లోపు ఏదో ఒకటి రాసివ్వాలి, ఇచ్చాక మార్చడం కుదరదు. తరగతిలో ముప్పై ఎనిమిది మందిమి. ముప్పై ఏడు మంది పక్కవాడు ఏం రాస్తే అది రాయడానికి సిద్ధపడ్డారు. నేను మాత్రం లేచి, "సార్, వకీలు కావాలంటే ఏది తీసుకోవాల?" అని అడిగాను. ఆయన దూరపు అద్దాలు తీసి దగ్గరివి పెట్టుకుని, నన్ను పరీక్షగా చూసి, "మీ నాయన్నడుగు" అన్నారు.

నిజానికి ఆ ప్రశ్న మా నాయనదే. మాది తర్లుపాడు దగ్గర పల్లె. అరవై గొర్రెలు, నాలుగెకరాల మెట్ట చేను. పక్క చేనాయన (వరసకు నాకు చిన్నాయన) గెట్టు రాయి జరిపాడని 1961లో మొదలైన కేసు మార్కాపురం కోర్టులో నడుస్తూ ఉంది. అప్పటికి ముప్పై ఒక్క వాయిదాలు (నేను వాయిదాలు రాసుకునే పుస్తకంలో ఇరవై తొమ్మిదే ఉన్నాయి, నాకు రాయడం రాకముందు రెండు జరిగాయట). నాయనకు చదువు లేదు. ప్రతి వాయిదాకూ తెల్లపంచె కట్టుకుని వచ్చి, కోర్టు గుమ్మం దగ్గర నిలబడేవాడు. లోపల ఇంగ్లీషులో ఏదో జరిగేది. బయటికొచ్చిన వకీలు గుమాస్తా "వాయిదా పడింది" అనేవాడు, అంతే. గెలుస్తామా ఓడతామా అన్న బెంగ నాయనకు అంతగా లేదు. "మన చేను గురించి లోపల ఏం మాట్లాడుకుంటున్నారో మనకే తెలియకపాయె పాపా. ఆ మాట చెప్పే మనిషి ఇంట్లో ఒకరుండాల" అనేవాడు. ఆ మనిషిగా నన్ను ఎంచి, మార్కాపురంలో మేనత్త ఇంట్లో పెట్టి చదివిస్తున్నాడు. షరతు ఒకటే: ఒక్కసారి తప్పితే బడి బంద్, గొర్రెల వెంట పోవాలి.

ఆ వారమే, జూన్ 18 బుధవారం, ముప్పై రెండో వాయిదా. నాకు ఒక ఆలోచన వచ్చింది (అప్పట్లో గొప్పదనుకున్నాను). వకీలు పనిలో ఏ సబ్జెక్టు ఎన్నిసార్లు వాడతారో కళ్లారా చూసి లెక్కపెడితే, ఏది తీసుకోవాలో తేలిపోతుంది కదా! నోటుబుక్కులో అయిదు గడులు గీశాను: తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, చరిత్ర, సైన్సు. మేనత్త చూసి, "వకీలుకు కావాల్సింది నోరు. అది నీకు పుట్టుకతోనే ఇచ్చినాడు దేవుడు. ఇంక గడులెందుకే?" అంది. నోరు సబ్జెక్టు కాదు కనుక దానికి గడి గీయలేదు.

కోర్టు ఆవరణలో నాయన నన్ను వేపచెట్టు కింద కూచోబెట్టాడు. "నల్లకోటు వేసుకున్నోళ్లంతా వకీళ్లే. ఎవుర్నన్నా చూసి రాసుకో" అని తను గుమ్మం దగ్గరికి పోయాడు. నల్లకోట్లు చాలానే ఉన్నాయి గానీ ఒక్కటీ నిలకడగా లేదు, ఇటు దూరి అటు పోతున్నాయి. పరిశీలించాలంటే మనిషి ఒకచోట ఉండాలి. అదృష్టం కొద్దీ నా ఎదుటి అరుగు మీదే ఒక పెద్ద నల్లకోటు, ఒళ్లో పొడుగాటి పుస్తకం పెట్టుకుని స్థిరంగా కూచుని ఉంది. కోటు జేబు మీద ఇత్తడి బిళ్ల కూడా ఉంది. మిగతావాళ్లకు లేదు కనుక ఈయన వాళ్లందరికంటే పెద్ద వకీలని తేల్చుకున్నాను.

పదీ యాభై నుంచి ఒంటిగంటా పదిహేను దాకా, అంటే రెండు గంటలా ఇరవై అయిదు నిమిషాలు, ఆయన్ని వదలకుండా చూశాను. వేళ్లు మడిచి, పెదాలు కదుపుతూ, నిలువుగా అంకెలు కూడి, కొట్టేసి, మళ్లీ కూడాడు. లెక్కలు, నలభై ఒకటి. ఎవరినో "యూ ఫెలో" అన్నాడు, టీ అబ్బాయికి "థాంక్యూ" చెప్పాడు. ఇంగ్లీషు, రెండు. పక్కనాయనతో గట్టిగా వాదులాడాడు. తెలుగు, ఆరు. ఒకసారి కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని చూశాడు. అది సైన్సు కిందికి వస్తుందో రాదో తెలియక అరమార్కు వేశాను. చరిత్ర, సున్నా.

అయినా ఒక్క పరిశీలనతో నిర్ణయించడం తప్పని, దగ్గరికి పోయి నమస్కారం పెట్టాను.

"సార్, మీ పనికి ఏ సబ్జెక్టు బాగా కావాల?"

ఆయన తల ఎత్తి చూసి, "లెక్కలే తల్లీ. ఒక్క అంకె తేడా పడితే పైవాళ్లు నా ప్రాణం తీస్తారు" అన్నాడు.

"ఇంగ్లీషో సార్?"

"ఇంగ్లీషు ఏముంది, పది మాటలొస్తే సాలు. రోజూ అవే గదా."

"మరి అబద్ధాలు చెప్పేవాళ్లని ఎట్ల కనుక్కుంటారు?"

"దానికి చదువెందుకు! మొగం చూస్తానే తెలిసిపోతాది. నా ముందుకొచ్చినాక తప్పించుకోని పోయినోడు లేడు."

అంతటి వకీలు నాయన తరఫున లేనందుకు నాకు బాధ వేసింది. శనివారం దాకా కూడా ఆగకుండా గురువారమే కాంపోజిట్ లెక్కలని రాసిచ్చాను. రెండద్దాల సారు "నిజంగానే?" అని అడిగితే, "పెద్ద వకీలుగారు చెప్పినారు సార్" అన్నాను, తరగతి మొత్తానికి వినబడేలా. దాంతో ఇంకో నలుగురు కూడా కాంపోజిట్ తీసుకున్నారు. (వాళ్లలో ఇద్దరు ఈనాటికీ నాతో మాట్లాడరు.)

మొదటి పరీక్షలో యాభైకి తొమ్మిది వచ్చాయి. కూడికలు, తీసివేతలు, తేదీలు నాకు నీళ్లు తాగినంత సులువు. కానీ అంకెల స్థానంలో అక్షరాలు కూచున్నాక నా బుర్ర మొరాయించింది. ఎక్స్ ఎంతో తెలియకపోతే తెలిసినవాళ్లను అడగాలి గాని పేజీ అంతా దాని వెంట పరిగెత్తడం ఏమిటి? అయినా వకీలు కావాలంటే తప్పదని పళ్లు బిగించుకున్నాను.

1970 జనవరి 11, ఆదివారం. మేనత్త కూతురు గిద్దలూరులో పిల్లను కంటే, బారసాలకు రైల్లో బయల్దేరాము. స్టేషను గేటు దగ్గర నల్లకోటు, ఇత్తడి బిళ్ల! నాకు సంతోషం ఆగలేదు.

"నమస్కారం వకీలుగారూ! మీరు చెప్పినట్లే కాంపోజిట్ తీసుకున్నా సార్!"

ఆయన చెయ్యి చాచి, "టికెట్టు" అన్నాడు.

మేనత్త వెనక నుంచి, "ఇదేందే, టికెట్ల సారును పట్టుకుని వకీలంటావు?" అంది. ఆయన నన్ను గుర్తుపట్టి, "ఓహో, చెట్టు కింద గీతలు గీసుకుంటా ఉన్న పిల్లవు గదా! నేను ఆ రోజు మా ఇంటి కేసుకొచ్చినా తల్లీ. డ్యూటీ దిగి ఉన్నపళంగా వచ్చినా. టికెట్ల లెక్క సాయంత్రానికి అప్పజెప్పాల, అందుకని కూడుకుంటా కూచున్నా. నేనే వకీలు కోసం ఎదురుచూస్తా ఉంటే, నువ్వొచ్చి నన్ను అడగబడితివి!" అని పడీ పడీ నవ్వాడు. వెనకున్న వరసంతా నవ్వింది. మేనత్త గిద్దలూరు దాకా నవ్వింది, బారసాలలో అందరికీ చెప్పి మళ్లీ నవ్వింది. పేరు పెట్టించుకున్న పసిపిల్ల కంటే ఆ రోజు నా గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు.

సోమవారం పొద్దున్నే రెండద్దాల సారు ముందు నిలబడ్డాను. ఆయన జాలిపడి, పదో తరగతి మొదలయ్యేలోపు పై ఆఫీసు ఒప్పుకుంటే మార్చుకోవచ్చునని అర్జీ రాయించుకున్నారు. అప్పటికి మాది కర్నూలు జిల్లా. నా అర్జీ సారు సొరుగులో ఉండగానే ఫిబ్రవరిలో మా తాలూకాలు కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి పోయాయి. వెళ్లి అడిగిన ప్రతిసారీ (మొత్తం పద్నాలుగు సార్లు) సారు, "కర్నూలుకు పంపాల్నో ఒంగోలుకు పంపాల్నో తేలనీ తల్లీ. తప్పు జిల్లాకు పోతే మళ్లీ రాదు" అనేవారు. తేలేసరికి జూన్ వచ్చింది. నేను పదో తరగతిలో, కాంపోజిట్ బెంచీలోనే కూచున్నాను.

1971 పెద్దపరీక్షలో లెక్కల్లో ముప్పై ఒకటి. ముప్పై అయిదు రావాలి. షరతు గుర్తుంది కదా, బడి బంద్. నాయన గొర్రెల దొడ్డి దగ్గర తడిక కడుతున్నాడు. మార్కుల కాగితం చేత్తో పట్టుకుని నడిచిన ఆ వంద అడుగుల్లో నా ఆయుష్షులో మొదటి, ఆఖరి వాదన తయారు చేసుకున్నాను.

"ఏమాయె పాపా? తప్పినావా?"

"తప్పలేదు నాయనా. వాయిదా పడింది."

నాయన తడిక వదిలి నిలబడ్డాడు. "వాయిదానా? మళ్లా ఎప్పుడు?"

"సెప్టెంబరులో."

"లోపల ఏమన్నారంట?"

"నాలుగు మార్కులు తక్కువున్నాయి, తీసుకోని రా అన్నారు."

నాయన, "నయమే. నాకు ఇంతవరకూ ఏమి తక్కువున్నాయో కూడా చెప్పలేదు" అని మళ్లీ తడిక కట్టసాగాడు. బడి బంద్ కాలేదు. సెప్టెంబరులో నలభై నాలుగు వచ్చాయి గానీ, ఇంటర్లో చేరేసరికి ఒక సంవత్సరం వెనకబడ్డాను.

ఇంటర్ పరీక్షలు రాసిన నెల తిరక్కుండానే, 1974 ఏప్రిల్ 22 సోమవారం, తీర్పు వచ్చింది. నకలు చేతికందేసరికి జూలై. పదకొండు పేజీలు, అంతా ఇంగ్లీషు. వకీలు గుమాస్తా "కొంతవరకు మనదే" అని చెప్పి పోయాడు. నాయన కాగితాలు నా ముందు పెట్టి, "సదువు పాపా. గెలిచినామా, ఓడినామా?" అన్నాడు. దీనికోసమే కదా ఇంత చదువు! డిక్షనరీ పెట్టుకుని మూడు రోజులు చదివాను. ఒక పేజీలో గెలిచినట్లుండేది, పేజీ తిప్పితే ఓడినట్లుండేది, తొమ్మిదో పేజీలో రెండూ ఒకే వాక్యంలో ఉండేవి. నాయన మాత్రం పక్కనే కూచునేవాడు. పదమూడేళ్లు గుమ్మం బయట నిలబడ్డట్టే, ఇప్పుడు నా పక్కన.

మూడో రోజు సాయంత్రం ఆఖరి పేజీలో అంకెలు కనబడ్డాయి. ఏ రాయి నుంచి ఏ రాయికి ఎన్ని అడుగులో ఉంది. మాటలు వదిలేసి స్కేలు తీసుకున్నాను. పాత గెట్టు గీశాను, తీర్పులో చెప్పిన గెట్టు గీశాను. రెండింటి మధ్య మూడు మూలల ముక్క ఒకటి తేలింది. పొడుగు 310 అడుగులు, ఒక చివర వెడల్పు 22, రెండో చివర ఏమీ లేదు. నన్ను ఏడిపించిన ఆ రేఖాగణితమే అర నిమిషంలో వైశాల్యం చెప్పింది.

"నాయనా, మనకు పోయింది ఏడు పాయింటు ఎనభై మూడు సెంట్లు. మిగిలిందంతా మనదే."

"దాంట్లో ఎన్ని గొర్రెలు పండుకుంటాయి?"

గొర్రెకు ఎనిమిది చదరపు అడుగులు వేసి లెక్క కట్టాను. "నాలుగువందల ఇరవై ఆరు."

"మనకుండేటివి అరవై" అన్నాడు నాయన. పదమూడేళ్లలో ఆయన మొహం అంత తేలిగ్గా ఉండగా నేను చూడలేదు. "వకీలు ఇన్నేండ్లలో చెప్పంది నువ్వు ఒక్క గీతతో చెప్పినావు. ఇంక సాలు పాపా."

"ఏంది నాయనా సాలు? నేను లా చదవాల గదా!"

"ఎందుకు? కేసు అయిపాయె గదా!"

కేసుతో పాటే నా లా చదువూ అక్కడితో ముగిసింది. ఆ ఆగస్టులో ఎవరో తెచ్చిచ్చిన లా కాలేజీ కాగితాల్లో చూస్తే, ఏ డిగ్రీ చదివినవాళ్లయినా చేరవచ్చునని రాసి ఉంది. తొమ్మిదో తరగతిలో ఏ లెక్కలు తీసుకున్నావని అడిగే గడే లేదు. నేను టీచర్ ట్రైనింగుకు పోయి, ముప్పై ఆరేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వేపచెట్టు కింద కూచుని, టికెట్ల సారు కాగితాన్ని ఎండకు ఎత్తి చూసినందుకు సైన్సుకు అరమార్కు వేసిన ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది. అంత కచ్చితంగా లెక్కపెట్టింది కదా, లెక్కపెట్టేది ఎవరినో కనుక్కుని ఉంటే బాగుండేదనీ అనిపిస్తుంది.

పోయినవి రాసి పెడుతున్నాను. భూమి, 7.83 సెంట్లు. చదువులో కాలం, ఒక సంవత్సరం. లా చదువు, మొత్తం. కొలతలు వేరు వేరు కనుక కూడలేదు.