రాజన్న గాజులు, నా ఫ్లాటు గడువు

ఉన్న మాట చెబితే ఒక్క సంతకంతో తేలిపోయే పనిని, లేని మాట చెప్పి భవనమంతా నవ్వేదాకా లాక్కొచ్చిన మేధావిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, ఎదురుగానే ఉన్నాను. పైగా నేనాడిన అబద్ధానికి మీసాలు కూడా ఉన్నాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను సౌదీలోని జుబైల్‌లో ప్లానింగ్ ఇంజనీర్ని. ఈ ఉద్యోగం పేరు కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు నవ్వుకోవడానికి పనికొస్తుంది. మేముండే భవనంలో ఫ్యామిలీలకే అద్దెకిస్తారు. ఒంటరి మగాణ్ణి అక్కడ పాలగిన్నె దగ్గర పిల్లిని చూసినట్టు చూస్తారు. సరిగ్గా మా ఫ్లాటు గడువు తీరే నెలలోనే మా ఆవిడ రూతు పురిటికి పాలకొల్లు వెళ్లింది. గడువు పెంచకపోతే ఫ్లాటు పోతుంది. ఇంకోటి దొరికేదాకా తల్లీబిడ్డా అక్కడే, నేనిక్కడే.

భవనం చూసుకునేది ముస్తఫా అనే ఈజిప్టు ఆయన. పొట్ట ముందొచ్చి సలాం చెబితే, మనిషి తర్వాత వస్తాడు. సరిగ్గా మా పడగ్గది కింద ఆయన ఆఫీసు. అందులో ఆయన చేసే ముఖ్యమైన పని మధ్యాహ్నం నిద్ర. ఆయన చట్టం ఒక్కటే: "మాఫీ ఫ్యామిలీ, మాఫీ ఫ్లాట్!" అరబ్బీలో మాఫీ అంటే లేదని. మన దగ్గర మాఫీ అంటే జనం పండగ చేసుకుంటారు, అక్కడ మూట సర్దుకుంటారు.

"ఫ్యామిలీ ఉందా?" అన్నాడు, గడువు పెంచమని వెళ్లిన నాతో.

"ఉంది. ఇంట్లోనే ఉంది. వంట చేస్తోంది." ఒక్క అబద్ధం చాలే చోట మూడు వడ్డించాను.

"మంచిది. శుక్రవారం వచ్చి ఫ్లాట్ చూసి సంతకం పెడతాను."

రూతు ఫోన్లో నెత్తి కొట్టుకుంది. "పురిటికెళ్లిందని చెప్పేస్తే పోయేది కదండీ!"

"నీకు ఈ దేశం సంగతి తెలీదు."

"మీ సంగతి తెలుసు. అదే నా భయం."

నాకేం భయం? పరాయి మగాడు ఆడవాళ్లున్న గది వైపు కన్నెత్తి చూడడం అక్కడ మర్యాద కాదు. కాబట్టి గదిలో ఆడవాళ్లుండక్కర్లేదు, ఉన్నట్టు చప్పుడుంటే చాలు! ఇదీ నా ప్లానింగు. బాల్కనీలో చీరలారేశాను. గుమ్మం ముందు రూతు చెప్పులు పెట్టాను. చప్పుడు కోసం మా కంపెనీలో ఏసీలు బాగుచేసే మెట్‌పల్లి రాజన్నను పిలిచాను.

"గాజులు నేనేసుకోవాల్నా సారూ? మా ఇంటిదానికి తెలిస్తే నవ్వి నవ్వి సస్తది!"

"తెలీదు. తలుపు చప్పుడైతే చెయ్యి ఆడించు, చాలు."

"మీసం తీసెయ్యమనవు గద?"

"మీసం ఎవరు చూస్తారయ్యా!"

పానాలు తిప్పే ఆ చేతికి కొన్ని గాజులెక్కాయి, మిగతావి విరిగాయి. రాజన్న పడగ్గదిలో దూరి తలుపేసుకున్నాడు.

ముస్తఫా వచ్చాడు. వెనకే నల్లటి అబాయాలో ఆయన భార్య, చేతిలో ఖర్జూరాల డబ్బా!

"మా ఆవిడ మీ మేడమ్‌కి సలాం చెబుతానంది," అన్నాడు ఆప్యాయంగా.

గుమ్మంలో మగాణ్ణి ఆపే మర్యాదే ఆడమనిషిని తిన్నగా లోపలి గదికి పంపుతుందన్న సంగతి నా ప్లానింగులో లేదు.

"మేడమ్... నిద్రపోతోంది," అన్నాను.

అప్పటికే ఆవిడ తలుపు తట్టింది. లోపలినుంచి గాజులు గలగలమన్నాయి. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషితో ఇదే చిక్కు. రమ్మంటున్నారనుకుని ఆవిడ తలుపు తీసింది.

"రజ్జాల్! రజ్జాల్!" అంటూ కేక. అంటే మగాడని. ఖర్జూరాలు గదంతా దొర్లాయి. చేతులు రెండూ పైకెత్తి, గలగలలాడుతూ రాజన్న బయటికొచ్చాడు.

"నేనేం అన్లే సారూ, గాజులే చప్పుడు జేసినయ్!"

"ఇదా నీ ఫ్యామిలీ?" అన్నాడు ముస్తఫా, కోపంతో పొట్ట అదిరిపోతుండగా.

ఇక దాచడానికేం మిగిలింది? పురుడు, పాలకొల్లు, భయం, అన్నీ కక్కేశాను. ముందు ఆవిడ నవ్వింది. తర్వాత ఆయన.

"పురిటికెళితే ఫ్యామిలీ కాకుండా పోతుందా? ముందే చెబితే ఆ రోజే సంతకం పెట్టేవాణ్ణి కదా హబీబీ! వేసవిలో ఈ భవనంలో సగం ఫ్యామిలీలు ఊళ్లలోనే ఉంటాయి."

సంతకమైతే పెట్టాడు. దాంతో ఆగితే ముస్తఫా ఎందుకవుతాడు? ఏ అంతస్తులోనూ కథ చెప్పకుండా వదల్లేదు. మెట్ల మీద ఎవరెదురైనా ఒకటే పలకరింపు: "మేడమ్ మీసం క్షేమమేనా?"

నేను పళ్లు కొరుకుతూ ఎదురుచూశాను.

రూతు పాపతో వచ్చింది. పాప గొంతు షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్. ఉయ్యాల నేనే బిగించాను, కొలత చూసుకుని మరీ, సరిగ్గా ముస్తఫా పడక కుర్చీకి పైన. నా జీవితంలో ఫలించిన ప్లానింగు అదొక్కటే.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆయన ఎర్రటి కళ్లతో పైకొచ్చాడు. "హబీబీ, ఏమిటా అరుపు?"

"ఫ్యామిలీ," అన్నాను వినయంగా. "ఉందా లేదా అని తమరికి మళ్లీ అనుమానం రాకూడదని రోజూ వినిపిస్తున్నాం."

"ఉంది! నమ్మాను! ఉయ్యాల జరుపు!"

జరిపాను, మర్నాడు కాదు లెండి, పాప నడక నేర్చాక. ఆనాడు విరిగిన గాజుల సాక్షిగా ఒట్టు వేసుకున్నాను: ఇంట్లో లేని ఆడమనిషిని ఈ జన్మలో మళ్లీ ఉన్నట్టు చూపించను. తప్పనిసరై చూపించాల్సి వస్తే, ముందు మీసం తీయిస్తాను.