నాయన ఎత్తిన చెయ్యి

మా పాపను చేర్చాలనుకున్న హాస్టల్ బడిలో గోడనిండా ర్యాంకుల ఫోటోలు, ఫినాయిలు వాసన. ఆ వాసనకే నా ఐదో తరగతి గుర్తొచ్చింది.

అప్పుడు నాయన నన్ను గుంతకల్లులో ఇట్లాంటి బడికే తీసుకెళ్లాడు. ర్యాంకుల గోడ వైపు చూడనే లేదు. పక్కనుంచి పోతున్న పిల్లవాడి మీదికి ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. వాడు కళ్లు మూసుకుని తల వంచేశాడు. నాయన వాణ్ని కొట్టబోయాడనుకున్నాను.

"ఈడ వద్దు, పదప్పా," అన్నాడు నాయన. బయటికొచ్చాక చెప్పాడు: "సంతలో ఎద్దును కొనేముందు చెయ్యెత్తి చూస్తాం గదా. దెబ్బలు తిన్న ఎద్దయితే బెదురుతాది."

ఇప్పుడు ఈ బడి ఆఫీసులోకి యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి మాకు నీళ్లు తెచ్చింది. జుట్టు సర్దుకోవడానికే నేను చెయ్యెత్తాను. ఆ అమ్మాయి గట్టిగా కళ్లు మూసుకుంది.

ఎత్తిన చెయ్యి ఎలా దించాలో నాకు తెలియలేదు.